ఆశా డే నాడు పది నిమిషాలు ఇలా వాడుకోండి

శారీరక శ్రమ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలను పీడీఎఫ్‌గా వాట్సాప్ గ్రూపులో పడేస్తే బొటనవేలి గుర్తులు వస్తాయి, అంతే. ఎవరూ చదవరు. ఆశా డే అంటే ఆశాలతో (ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు) నెలనెలా జరిగే మీటింగు. అందులో పది నిమిషాలు తీసుకుని కొండపి వైపు ఆశాలకు, ఏఎన్‌ఎంలకు (ఊళ్లో పనిచేసే నర్సులు) హెల్త్ సూపర్‌వైజర్‌గా నేను ఈ మార్గదర్శకాలు ఎలా చెబుతానో రాస్తున్నాను. మీ పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) తగ్గట్టు మార్చుకోండి.

ముందు ముఖ్యమైన ముక్కలే తీసుకోండి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, లేదంటే 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ. కండరాలకు బలమిచ్చే పని కనీసం రెండు రోజులు. 65 దాటినవాళ్లకైతే తూలిపడకుండా ఉండేందుకు కనీసం మూడు రోజులు సాధన. కూర్చునే సమయం అందరూ తగ్గించాలి. పిల్లల సంగతి విడిగా చెప్పుకోవచ్చు.

ఓ మోస్తరు అంటే ఎంత? మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇద్దరు ఆశాలను వరండాలో గబగబా నడిపించి పాడమనండి. హాలంతా నవ్వుతారు, కానీ ఇక మర్చిపోరు.

అసలు చిక్కు ఊళ్లో వస్తుంది. "పొద్దుట్నుంచి కూలి చేసొచ్చినదాన్ని మళ్లీ నడవమంటావా తల్లీ?" అంటారు. వాళ్లు అడిగేది న్యాయమే. పొలం పని, ఇంటి పని, బస్సు కోసం నడిచిన నడక అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కాబట్టి సలహా తర్వాత, ముందు అడగడం నేర్పాలి. ఒక ఆశాను పేషెంటుగా కూర్చోబెట్టి, ఇంకొకరితో అడిగిస్తాను:

"పిన్నీ, లేచిన దగ్గర్నుంచి ఏం పనులు చేస్తావు?"

"పొగాకు గ్రేడింగుకి పోతా. సాయంత్రం దాకా కూర్చునే ఉంటాం."

"అయితే టీకి లేచినప్పుడు బేరన్ (పొగాకు కాల్చే కొట్టం) చుట్టూ ఓసారి తిరిగిరా. వచ్చేటప్పుడు ఆటో ఎక్కకుండా నడవగలవా?"

నాట్లేసే ఆమెకు ఈ మాట అక్కర్లేదు. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆయనకు కావాలి. అందరికీ ఒకే పాఠం ఒప్పజెప్పే ఆశా కంటే, ఇద్దరికి రెండు రకాలుగా చెప్పగలిగిన ఆశాయే నయం.

ఒక పాత రూలు తీసేయించండి. ఆగకుండా పది నిమిషాలు చేస్తేనే లెక్క అని 2010 మార్గదర్శకాల్లో ఉండేది. 2020లో దాన్ని ఎత్తేశారు. ఐదు నిమిషాలు నడిచినా లెక్కే. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇది చెబితే మొహం వెలుగుతుంది.

జాగ్రత్తలు కూడా అప్పుడే చెప్పేయండి. నడిస్తే గుండెలో నొప్పి, ఆయాసం వచ్చేవాళ్లు ముందు డాక్టరు దగ్గరికే రావాలి. షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు, చెప్పుల్లేకుండా నడవకూడదు. రోహిణి ఎండల్లో మధ్యాహ్నం నడవమని ఎవరికీ చెప్పొద్దు.

అర్థమైందా అని మీటింగులో అడగకండి, అందరూ తలూపుతారు. మరుసటి నెల ఒక ఆశా వెంట ఏదో ఒక ఇంటికి వెళ్లి పక్కన నిలబడి వినండి. ముందు అడిగిందా, నేరుగా సలహాకు దిగిందా అన్నదే చూడండి. ఇంకో పని: ఓపీ చీటీ మీద మాత్రల కింద "నడక, అరగంట, వారానికి ఐదు రోజులు" అని రాయమని మెడికల్ ఆఫీసరుగారిని అడగండి. మన ఊళ్లలో డాక్టరు చేత్తో రాసింది మందు కిందే లెక్క. ఆశా ఆ చీటీ చూసి నడక గురించి కూడా అడుగుతుంది.