విండోసా, లినక్సా? పాత సిస్టమ్ మార్చేముందు జాగ్రత్తలు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కంగారుపడి విండోస్ 11 గానీ, దాని బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గానీ ఏదో ఒకటి ఎక్కించేయకండి.

• మీ పనికి ఏ సాఫ్ట్‌వేర్ తప్పనిసరో ముందు కాగితం మీద రాసుకోండి. ట్యాలీ ఉంటే విండోస్‌లోనే ఉండండి.

• కడప ఏడు రోడ్ల చుట్టుపక్కల డీటీపీ చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్లిపత్రిక యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు సరిగా కనిపించే పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వస్తాయి. పైగా లినక్స్‌లో పేజ్‌మేకర్ నేరుగా నడవదు. పాత ఫైళ్లన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. నన్నడిగితే, ఆ పాత సిస్టమ్‌ను నెట్ తీసేసి అలాగే ఉంచుకోవడం మేలు.

• విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎమ్ 2.0 (సిస్టమ్‌లోని భద్రతా చిప్) కావాలి. అవి లేకున్నా అడ్డదారిలో ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు, అప్‌డేట్లకు గ్యారంటీ ఉండదు.

• నెట్ చూడటం, పిల్లల చదువు వరకే అయితే లినక్స్ మింట్ చాలు, ఉచితం కూడా. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ప్రింటర్, వైఫై, తెలుగు టైపింగ్ సరిచూడండి.

• ఫోటోలు, ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, ఇంకో సిస్టమ్‌లో తెరిచి చూసుకోండి. కాపీ అయిందన్న మాట ఒక్కటే నమ్మొద్దు.

• బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే, ఆ తాళం తీసే రికవరీ కీ రాసిపెట్టుకోండి.

• యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ అసలు ఆన్ కాకపోవచ్చు.