అప్‌లోడ్ పాఠాలు – 3: మన గొంతు టవర్‌కి అందాలి

పోయిన పాఠంలో ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా సిమ్‌తో నడిచే మన ఇంటి రూటర్‌కి కలిపి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అప్‌లోడ్ వేగం కొలిచి రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ దానితో పని ఉంది.

డౌన్‌లోడ్ అంటే టవర్ మాట్లాడుతుంది, మనం వింటాం. అప్‌లోడ్‌లో మనం మాట్లాడాలి, టవర్ వినాలి. టవర్‌ది పదుల వాట్ల గొంతు. ఇంట్లో ఉండే డబ్బాకి, అదే మన రూటర్‌కి, మామూలుగా పెట్టే హద్దు 23 డీబీఎం (సిగ్నల్ శక్తిని కొలిచే ప్రమాణం), అంటే 0.2 వాట్. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఫొటోలు వెళ్లక సతాయించేది ఇందుకే. ఆ గీతలు టవర్ గొంతు మనకెంత వినిపిస్తోందో చెబుతాయి, మన గొంతు సంగతి చెప్పవు. పైగా చాలా నెట్‌వర్కుల్లో ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడతారు, పెద్ద వంతు డౌన్‌లోడ్‌కే పోతుంది. దాన్ని మనం మార్చలేం. డబ్బా ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మన ఇష్టమే.

రూటర్ సెట్టింగ్స్ పేజీ తెరవండి. అడ్రస్ సాధారణంగా డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. సిగ్నల్ వివరాల్లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (RSRP) అనే మైనస్ అంకె చూడండి, టవర్ సిగ్నల్ మన డబ్బాకి ఎంత బలంగా అందుతోందో చెప్పేది అదే. మైనస్ 80 దగ్గరుంటే భేష్, మైనస్ 110 కంటే కిందికి పోతే బలహీనం. ఇక్కడ 3 డీబీ పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. కాబట్టి రెండు మూడు అంకెల తేడాని తేలిగ్గా తీసుకోకండి.

కొన్ని రూటర్లు టీఎక్స్ పవర్ (Tx power), అంటే డబ్బా ఎంత శక్తితో పంపుతోందో కూడా డీబీఎంలో చూపిస్తాయి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే. పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్‌కి పెట్టి, అది వెళ్తుండగానే చూడండి. 23కి ఆనుకుని ఉంటే డబ్బా గొంతు చించుకుని అరుస్తోందన్నమాట, చోటు మార్చాల్సిందే. 10 దగ్గరే ఉండి కూడా వేగం రాకపోతే టవర్ మీద రద్దీనో, ప్లాన్‌లో పెట్టిన పరిమితినో అనుమానించాలి. మీ కాగితం చూడండి: పొద్దున బాగుండి రాత్రి పడిపోతోందంటే రద్దీయే.

నా డబ్బా చాలాకాలం టీవీ వెనక ఉండేది, మైనస్ 112. మేడమీది గది కిటికీ దగ్గరికి తీసుకెళ్తే మైనస్ 104 అయింది. అదే కిటికీలో ఇనుప చువ్వలకి జానెడు పక్కకి జరిపేసరికి మైనస్ 101. అరగంట పని, పైసా ఖర్చు లేదు. అద్దానికి లోహపు పూత ఉంటే సిగ్నల్ బాగా తగ్గుతుంది, అప్పుడు కిటికీ తెరిచి కూడా చూడాలి.

బయటి యాంటెన్నా జోలికి ఇదంతా అయ్యాకే వెళ్లండి. సన్నటి పొడుగాటి కేబుల్ వేస్తే యాంటెన్నా తెచ్చిన లాభమంతా దారిలోనే హరించుకుపోతుంది.

ఈ వారం ఇంట్లో ఐదు చోట్లు ఎంచుకోండి. ఒక్కో చోట డబ్బా పెట్టి, అంకె నిలకడయ్యేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఆర్‌ఎస్‌ఆర్‌పీ రాసుకోండి. తర్వాత అప్‌లోడ్ మూడుసార్లు కొలవండి. అన్నీ ఒకే పూట చేయాలి, లేకపోతే రద్దీ తేడా కలిసిపోతుంది. వచ్చే పాఠంలో, అప్‌లోడ్ నిండినప్పుడు వీడియో కాల్ ఎందుకు తెగుతుందో చూసి, రూటర్‌లో క్యూ (బయటికి వెళ్లాల్సిన డేటా వంతు కోసం ఆగే వరస) సరిచేద్దాం.