లా ఎక్స్‌చేంజ్‌కి అప్లై చేస్తున్నారా? ముందు మీ ఎగ్జామ్ సెక్షన్‌కి వెళ్లండి

ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడు వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ కొందరికి ఒకటే ధ్యాస, ఒక్క సెమిస్టరైనా బయట చదవాలని. వెంటనే సింగపూర్‌దో జర్మనీలోని హాంబర్గ్‌దో యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరుస్తారు, రెండు రోజులు క్యాంపస్ ఫొటోలు చూస్తారు, మూడో రోజు ఎస్‌ఓపీ (ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) రాయడం మొదలుపెడతారు. నన్నడిగితే ఈ పనులన్నీ తర్వాత. మీరు వెళ్లొచ్చిన సెమిస్టర్ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది తేల్చేది అక్కడి ప్రొఫెసర్లు కాదు, మీ సొంత కాలేజీ ఎగ్జామ్ సెక్షన్. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

దానికంటే ముందు ఒక చిన్న తేడా. ఎక్స్‌చేంజ్ అంటే రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటుంది, మిమ్మల్ని మీ కాలేజీ నామినేట్ చేస్తుంది, ట్యూషన్ ఫీజు మామూలుగా ఇక్కడే కడతారు, అక్కడ కట్టక్కర్లేదు. విజిటింగ్ స్టూడెంట్ అంటే ఒప్పందం లేకుండా మీ అంతట మీరు అప్లై చేసుకుని, అక్కడి ఫీజు మీరే కట్టుకుని వెళ్లడం. కొన్ని యూనివర్సిటీలు ఎక్స్‌చేంజ్‌లో వచ్చినవాళ్లనీ విజిటింగ్ అనే పిలుస్తాయి, అందుకే పేరు చూసి కంగారు పడకుండా ఫీజు ఎవరికి కట్టాలో చూడండి. మీ కాలేజీకి ఎక్కడా ఒప్పందం లేకపోతే, లక్షలు పోసి విజిటింగ్‌గా వెళ్లడం కంటే సెలవుల్లో సమ్మర్ కోర్సు చేయడం మేలని నా అభిప్రాయం. ఇంటర్నేషనల్ లా ఇప్పటికే కొంత చదివినవాళ్లకు హేగ్ అకాడమీ వేసవి కోర్సులున్నాయి, స్కాలర్‌షిప్‌కీ అప్లై చేసుకోవచ్చు, సెమిస్టర్ పోదు.

ఇక అసలు సంగతి, క్రెడిట్లు. బార్ కౌన్సిల్ 2008 రూల్స్ ప్రకారం మన డిగ్రీలో కొన్ని పేపర్లు తప్పనిసరి. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్), ఎవిడెన్స్, ఫ్యామిలీ లా లాంటివాటికి హాంబర్గ్‌లో సమానమైన కోర్సు ఎక్కడ దొరుకుతుంది? 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన మన కొత్త ఎవిడెన్స్ చట్టం, భారతీయ సాక్ష్య అధినియం, వాళ్లెందుకు చెప్తారు? కాబట్టి ఆప్షనల్, ఆనర్స్ పేపర్లు ఎక్కువగా ఉన్న సెమిస్టర్ చూసుకుని వెళ్లాలి. ఉదాహరణకి ఆ సెమిస్టర్లో మీకు ఐదు పేపర్లున్నాయి, మూడు ఆప్షనల్, మిగతావి ట్యాక్సేషన్, లేబర్ లా అనుకోండి. ఆ మూడింటికి బదులు అక్కడ మూడు కోర్సులు తీసుకోవచ్చు. మిగిలిన ఆ రెండూ ఎప్పుడు రాస్తారు, జూనియర్లతో కూర్చునా, సప్లిమెంటరీలోనా, రాస్తే మార్క్స్ మెమోలో బ్యాక్‌లాగ్ అని పడుతుందా అన్నది ముందే అడగాలి. ఆ చివరి ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు, ప్లేస్‌మెంట్లప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

క్రెడిట్ల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. మన దగ్గర ఒక క్రెడిట్ అంటే సుమారు 15 గంటల క్లాసు. యూరప్ యూనివర్సిటీల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, అందులో మీరు గదిలో కూర్చుని చదువుకున్నదీ కలిసే ఉంటుంది. అంచేత అక్కడ 6 క్రెడిట్ల కోర్సుకి క్లాసు గంటలు మన 4 క్రెడిట్ల పేపర్ కంటే తక్కువ కనిపిస్తాయి, మన గుమాస్తాగారు ఆ కాగితం చూసి 'గంటలు సరిపోవడం లేదమ్మా' అంటారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీరే కోర్సు సిలబస్, క్లాసు గంటలు, మొత్తం పని గంటలు, పరీక్ష విధానం ఒక పేజీలో పట్టికగా వేసి, పక్క గడిలో మీ కాలేజీ పేపర్ పేరు రాసి, డీన్‌గారి చేత సంతకం పెట్టించుకోండి. నోటిమాట వద్దు. మీరు వెళ్లేటప్పుడు ఉన్న డీన్ మీరు వచ్చేసరికి ఉంటారన్న గ్యారంటీ ఏమీ లేదు. ఆ సెమిస్టర్ అటెండెన్స్ గురించి కూడా అదే కాగితంలో ఒక వాక్యం ఉండాలి, ఎందుకంటే బార్ కౌన్సిల్ రూల్స్‌లో పేపర్‌కి 70 శాతం హాజరు అడుగుతారు.

మార్కుల మార్పిడి ఇంకా ముఖ్యం. జర్మనీ లా ఫ్యాకల్టీల్లో మార్కులు 18 పాయింట్లకి వేస్తారు, 4 వస్తే పాస్, 9 వచ్చిందంటే అక్కడివాళ్లు పార్టీ చేసుకుంటారు. అదే 9 ఇక్కడికొచ్చి '18కి 9, అంటే యాభై శాతం' అని పడిందంటే మీ సీజీపీఏ గోవిందా. అందుకని బయటి మార్కులు సీజీపీఏలో కలుస్తాయా, ఉత్త పాస్ అని వేస్తారా, కలిస్తే ఏ పట్టిక ప్రకారం అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నా ఓటు పాస్ అని వేయించుకోవడానికే.

క్యాలెండర్ కూడా సరిపోవాలి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలై జులై దాకా నడుస్తుంది, శీతాకాలం సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా పోతుంది. ఏది తీసుకున్నా మనవి రెండు సెమిస్టర్లు దెబ్బతింటాయి. హాంబర్గ్‌లోని బుసేరియస్ లా స్కూల్ ఎక్స్‌చేంజ్ విద్యార్థుల కోసం నడిపే ఇంగ్లిష్ ప్రోగ్రామ్ సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఉంటుంది, ఇక్కడ ఒక్క సెమిస్టర్‌తో పోతుంది. మన నేషనల్ లా యూనివర్సిటీల పిల్లలు అటు ఎక్కువగా చూడటానికి ఇదీ ఒక కారణం.

ఇవన్నీ తేలాక అప్లికేషన్. ముందు కాలేజీ లోపలి సెలక్షన్ దాటాలి, అక్కడ సీజీపీఏ, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం, మూట్లు (నమూనా కోర్టు వాదన పోటీలు), రాసి ప్రచురించిన పేపర్లు, ఒక చిన్న ఇంటర్వ్యూ చూస్తారు. నామినేషన్ వచ్చిందంటే అవతలి యూనివర్సిటీ మామూలుగా కాదనదు. ఎస్‌ఓపీలో 'చిన్నప్పటి నుంచి న్యాయం అంటే ఇష్టం' అని మొదలుపెట్టకండి, ఆ కమిటీలో వాళ్లు అలాంటివి ఏటా చదువుతూనే ఉంటారు. 'ఆర్బిట్రేషన్ పేపర్లో ఫలానా సమస్య మీద పని చేశాను, అక్కడ ఇన్వెస్ట్‌మెంట్ ఆర్బిట్రేషన్ కోర్సు ఉంది, మా కాలేజీలో లేదు, తిరిగొచ్చాక డిసర్టేషన్ దాని మీదే రాస్తాను' అని రాస్తే నాలుగు ముక్కల్లో పని అయిపోతుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు కాలేజీ లెటర్ ఇస్తే చాలాచోట్ల ఐఈఎల్‌టీఎస్ అడగరు, అయినా ఆ యూనివర్సిటీ పేజీ చూసుకోండి.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఇంటర్‌లో ఒక పొడి అక్షరం అవుతుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పడి ఉంటుంది. నామినేషన్, ట్రాన్స్‌క్రిప్ట్ (అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రం), బ్యాంక్ లెటర్, ఇన్సూరెన్స్, అన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పాస్‌పోర్టే మార్చాలనుకుంటే ఆ పని అప్లికేషన్ కంటే ముందు, మధ్యలో కాదు.

డబ్బు సంగతి. ట్యూషన్ లేదంటే ఖర్చు లేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. గది, తిండి, ఇన్సూరెన్స్, టికెట్, అన్నీ మీవే. జర్మనీలో ఉండేది 90 రోజులు దాటితే షెంగెన్ వీసా చాలదు, నేషనల్ వీసా కావాలి, ఫీజు 75 యూరోలు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ అంటే మీరు ఆ గీత దాటినట్టే. నెలకి 992 యూరోల చొప్పున చేతిలో ఉన్నట్టు చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి ఇదే లెక్క. నాలుగు నెలలకి 3,968 యూరోలు. చాలామంది బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) వేస్తారు, దాన్ని నెలనెలా తీసుకుని ఖర్చుపెట్టుకోవచ్చు కాబట్టి అది ఎక్కడికీ పోయే డబ్బు కాదని నాన్నగారికి ముందే చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది. ఫైల్ వేసే ముందు కాన్సులేట్ తాజా చెక్‌లిస్ట్ ఒకసారి తెరిచి అంకెలు సరిచూసుకోండి. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే వీసా అపాయింట్‌మెంట్ వెతకండి, ఎండాకాలంలో స్లాట్లు దొరకవు.

సింగపూర్ దీనికంటే తేలిక. ఎన్‌యూఎస్ (నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సింగపూర్) లాంటిచోట యూనివర్సిటీయే మీ పేరు ఇమిగ్రేషన్ వాళ్ల సోలార్ అనే సిస్టమ్‌లో ఎక్కిస్తుంది, మీరు ఆన్‌లైన్‌లో ఫారం నింపితే సూత్రప్రాయ అనుమతి లెటర్ వస్తుంది. బ్రిటన్‌కి ఆరు నెలల లోపైతే గుర్తింపు ఉన్న సంస్థలో స్టాండర్డ్ విజిటర్ వీసా మీదే చదువుకోవచ్చు, కానీ దాని మీద పని చేయడం కుదరదు, పార్ట్‌టైమ్ మీద ఆశ పెట్టుకుని వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అక్కడికి వెళ్లాక మొదటి వారాల్లో కోర్సులు మారుతుంటాయి, ఒకటి నిండిపోతుంది, ఇంకోటి టైమ్‌టేబుల్‌లో ఢీకొంటుంది. మారిన ప్రతిసారీ అదే రోజు మీ కాలేజీకి మెయిల్ పెట్టి, పాత పట్టిక బదులు కొత్త పట్టికకి ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి. వచ్చేసే ముందు ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా మీ ఎగ్జామ్ సెక్షన్‌కి పంపమని అక్కడి ఆఫీసులో రాసిచ్చి రండి, డిసెంబర్‌లో రాసిన పరీక్షల మార్కులు రావడానికి టైమ్ పడుతుంది, ఈలోగా ఇక్కడ తర్వాతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తేదీ వచ్చేస్తుంది.