డిసేబిలిటీ పెన్షన్ తిరస్కరించారా? అప్పీలు ఇలా రాయండి

సైన్యం నుంచి బయటికొచ్చినవారికి రికార్డ్ ఆఫీసు (సైనికుల సర్వీసు కాగితాలు చూసే కార్యాలయం) పంపిన తిరస్కరణ లేఖలో ముందు వెతకాల్సింది కారణం. మామూలుగా రెండిట్లో ఒకటి ఉంటుంది: జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని, లేదా వైకల్యం 20 శాతానికి తక్కువ అని. అప్పీలు దానికే జవాబు చెప్పాలి. ఎన్నేళ్లు సేవ చేశారో, ఇల్లు ఎంత కష్టంగా గడుస్తోందో నాలుగు పేజీలు రాసినా ఆ కారణాన్ని తాకకపోతే ఫలితం ఉండదు.

మొదటి అప్పీలుకు గడువు ఆరు నెలలు. గడువు దాటితే ఆలస్యానికి కారణం ఆధారాలతో రాసి, మన్నించమని కోరండి.

లేఖ అందిన వారంలోనే కాగితాల వేట మొదలుపెట్టండి. రిలీజ్ మెడికల్ బోర్డు (బయటికొచ్చేటప్పుడు పరీక్షించే వైద్యుల బోర్డు) ప్రొసీడింగ్స్, చేరేటప్పటి వైద్య పరీక్ష, పోస్టింగుల వివరాలు, ఆసుపత్రి కేస్ షీట్లు కావాలి. గాయమైతే ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం జరిపే విచారణ) కాగితాలు కూడా. చేతిలో లేనివాటికి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అసలు బలం బోర్డు రాసిన అభిప్రాయంలోని లోపంలోనే దొరుకుతుంది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు నమోదు కాకపోతే అది సర్వీసులో వచ్చినట్టే భావించాలని, కాదనేవారే కారణాలు చూపాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డు కారణం రాయకుండా 'సర్వీసుతో సంబంధం లేదు' అని ముగిస్తే, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి ప్రశ్నించండి. అయితే దీనిమీదే భారమంతా వేయొద్దు. చేరేటప్పటి పరీక్షలో బయటపడని జబ్బులూ ఉంటాయని 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో అదే కోర్టు అంది. అందుకే పోస్టింగుల పట్టిక తప్పనిసరి: ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ డ్యూటీ, మొదటి లక్షణం ఎప్పుడు, ఏ ఆసుపత్రిలో చూపించారు. బీపీ పీస్ స్టేషన్లో (ఫీల్డు కాని మామూలు పోస్టింగులో) బయటపడిందని కొట్టేస్తే, దానికి ముందు ఎత్తయిన కొండల్లోనో ఫీల్డులోనో గడిపిన నెలలు ఈ పట్టికలో కనిపించాలి.

2023 సెప్టెంబరు 21 నుంచి ఈ పెన్షన్ ఎవరికి రావాలో తేల్చే కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఆ తర్వాత బయటికొచ్చినవారు పాత అప్పీలును మక్కికి మక్కి దించితే దెబ్బతింటారు.

శాతం మీద పేచీ అయితే స్పెషలిస్టు తాజా రిపోర్టు జతచేసి, అప్పీల్ మెడికల్ బోర్డు ముందు మళ్లీ పరీక్షించమని కోరండి. జబ్బు కారణంగానే సర్వీసు నుంచి తప్పించి ఉంటే వైకల్యం 20 శాతానికి పైనే అనుకోవాలని సుఖ్‌విందర్ సింగ్ తీర్పు (2014) ఉంది. రౌండింగ్ (వైకల్య శాతాన్ని పై మెట్టుకు పెంచి లెక్కించడం) కూడా అప్పీలులోనే అడగండి: దాంతో 20 శాతం 50గా మారుతుంది. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవారికీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది.

అప్పీలును రికార్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. రాయడంలో సాయానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లొచ్చు. తిరస్కరిస్తే ఆరు నెలల్లో రెండో అప్పీలు. అదీ పోతే సాయుధ బలగాల ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచ్. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. జాప్యం చేసేకొద్దీ బకాయి కరిగిపోతుంది: ఆలస్యంగా వేసిన కేసుల్లో పిటిషన్‌కు ముందు మూడేళ్ల బకాయే ఇవ్వాలని తర్సేమ్ సింగ్ తీర్పు (2008) చెబుతోంది.