రంగుల పాఠాలు – 5: ఒకటే మన్ను, నాలుగు జిగుర్లు

పోయిన పాఠంలో కుంచెల గురించి చెప్పుకున్నాం. ఇంకా కొనకపోతే తొందరేం లేదు, ఈ వారం పనికి పాత కుంచె చాలు. రంగు కూడా కొనొద్దు. ఇంట్లోనే చేసుకుందాం.

ఏ ఆర్ట్ సామాన్ల కొట్టుకెళ్ళి ‘ఒక ఎరుపు ట్యూబు ఇవ్వండి’ అన్నా, ‘వాటర్ కలరా, పోస్టరా, ఆయిలా, అక్రిలిక్కా?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. కొత్తవాళ్ళు అక్కడే టెన్షన్ పడి, ఏది చవకైతే అది పట్టుకొచ్చేస్తారు. నిజానికి ఆ నాలుగింటిలోనూ ఉన్న ఎర్ర పొడి ఒకటే కావచ్చు. మారేది ఆ పొడిని కాగితానికో గుడ్డకో పట్టి ఉంచే పదార్థం. పుస్తకాల్లో పొడిని వర్ణకం అని, పట్టి ఉంచేదాన్ని బంధకం అని రాస్తారు. నేను పొడి, జిగురు అనే అంటాను.

శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు చూసి, ‘ఆ రంగులు ఎక్కడ దొరుకుతాయండీ?’ అని నన్నడిగినవాళ్ళున్నారు. పత్రిక అట్ట మీద మనం చూసేది ఆయన రంగు కాదు, ప్రెస్సు సిరా. రంగు ఏమిటో తెలియాలంటే దాన్ని చేత్తో నూరాల్సిందే.

ముందు పొడి సంగతి. పచారీ కొట్లో అరుగులకి పూసే కావి పొట్లం తెచ్చుకోండి. అది ఎర్రమన్నే, అంటే ఇనుము తుప్పు కలిసిన మట్టి. మనిషి గుహల గోడల మీద బొమ్మలు వేసిన నాటి నుంచి నేటి ట్యూబుల దాకా వాడుతున్న రంగు ఇది. ఎండకి వెలవదు, విషం కాదు. మీకెవరైనా హరిదళం, సింధూరం లాంటి పాతకాలపు పొడులు తెచ్చిచ్చినా ఇంట్లో నూరకండి. మొదటిదాంట్లో ఆర్సెనిక్, రెండోదాంట్లో సీసం ఉంటాయి.

రెండు గుప్పిళ్ళ కావి ఒక బకెట్ నీళ్ళలో వేసి బాగా కలపండి. ఒక్క నిమిషం ఆగండి. ఇసుక, రాళ్ళు అడుక్కి దిగిపోతాయి. పైన ఎర్రగా ఉన్న నీళ్ళని మాత్రం వేరే గిన్నెలోకి వంచి, రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి పైన తేట, అడుగున వెన్నలాంటి మన్ను. తేట వంపేసి మన్ను ఎండబెట్టండి. వేళ్ళ మధ్య రుద్దితే ముఖానికి రాసుకునే పౌడర్‌లా ఉండాలి. గరగరలాడితే మళ్ళీ మొదటికి.

ఆ పొడిని నాలుగు భాగాలు చేయండి.

మొదటి భాగానికి తుమ్మ జిగురు. ఒక చెంచా జిగురు పొడిని రెండు చెంచాల వేడినీళ్ళలో నానబెట్టి, మర్నాడు పల్చటి గుడ్డలో వడకట్టి, రెండు చుక్కల తేనె వేయండి. తేనె లేకపోతే ఎండిన రంగు పెళుసెక్కి పెచ్చులు లేస్తుంది. ఈ జిగురులో పొడి కలిపి నూరితే అదే వాటర్ కలర్. కొట్టులో దొరికే రంగుల్లో వాడే గమ్ అరబిక్ కూడా తుమ్మ జాతి చెట్టు జిగురే. దీని గుణం ఒక్క మాటలో చెప్పాలంటే, ఎండినా మళ్ళీ కరుగుతుంది. అందుకే పదేళ్ళ కిందటి బిళ్ళ కూడా తడి కుంచె తగిలితే లేస్తుంది. అందుకే చిత్రం మీద వాన చినుకు పడితే ఇక అంతే. మన వైపు వానాకాలంలో ఈ జిగురుకి బూజు పడుతుంది. ఒక చుక్క లవంగ నూనె వేసుకోండి. పోస్టర్ కలర్ కూడా ఈ ఇంటిదే, సుద్ద ఎక్కువ కలిపి మందంగా చేస్తారు, అంతే.

రెండో భాగానికి గుడ్డు. పచ్చసొనని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి తెల్లసొన తుడిచేయండి. పొరని రెండు వేళ్ళతో మెల్లగా పైకెత్తి, కింద సూదితో పొడవండి. సొన గిన్నెలోకి జారుతుంది, పొర మీ వేళ్ళకే మిగులుతుంది. సొనలో అంతే నీళ్ళు కలిపి, తడిపిన పొడికి సమానంగా చేర్చండి. సరిపోయిందో లేదో తెలియాలంటే గాజు ముక్క మీద పూసి ఆరనిచ్చి బ్లేడుతో గీకండి. రిబ్బనులా ఊడొస్తే సరే, పొడిగా రాలితే సొన చాలలేదు. ఇది టెంపెరా. ఇటలీలో బొటిచెల్లి వేసిన వీనస్ చిత్రం టెంపెరానే. నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెల్లగా కలపడం కుదరదు, సన్నటి గీతలు పక్కపక్కన పేర్చాలి. ఆ కాలపు ముఖాలు అంత నిశ్చలంగా కనిపించడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

మూడోది నూనె. ఇక్కడ కాసేపు ఆగుదాం.

కుర్రతనంలో నేను విజయనగరంలో ఒక బోర్డు ఆర్టిస్టు దగ్గర డబ్బాలు మోశాను. సిరిమాను పండక్కి ముందు బోర్డులు తెమలక రాత్రుళ్ళు పనిచేసేవాళ్ళం. ఓసారి అవిసె నూనెలో కలిపిన రంగు వేసి, రెండ్రోజులైనా చేతికంటుతోందని ఎండలో పెట్టి విసనకర్రతో విసురుతున్నాను. ఆయన చూసి నవ్వి, “నూనె ఆరదురా బాబూ, ముదురుతాది” అన్నాడు. అంతకంటే సరిగ్గా ఏ పుస్తకమూ చెప్పలేదు. నీళ్ళ రంగులో నీరు ఆవిరై పోతుంది. అవిసె నూనె అలా ఆవిరై పోదు. గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది, అప్పుడు దాని బరువు పెరుగుతుంది కూడా. ఈ పని వేడి పుట్టిస్తుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

అవిసె నూనె రెండు చెంచాలు చాలు. గాజు పలక మీద పొడి పోసి, నూనె చుక్కచుక్కగా వేస్తూ, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో గుండ్రంగా నూరండి. చెయ్యి నొప్పెట్టాలి. నూనె రంగుని యూరప్‌లో పదిహేనో శతాబ్దపు చిత్రకారుడు వాన్ ఐక్ కనిపెట్టాడని చాలాకాలం అనుకున్నారు. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో అంతకు వందల ఏళ్ళ ముందే, ఏడో శతాబ్దం నాటికే, నూనె రంగులు వాడినట్టు తేలింది. ట్యూబులు రాకముందు యూరప్‌లో నూరిన రంగుని పంది మూత్రాశయాల్లో కట్టి దాచేవారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాక రంగు జేబులో పెట్టుకుని పొలాల్లోకి వెళ్ళి బొమ్మ వేయడం తేలికైంది.

నూనె చిత్రంలో కింది పొర త్వరగా ముదరాలి, పైది నెమ్మదిగా. తిరగబడితే పగుళ్ళు ఖాయం. అందుకే చాలామంది మొదటి పొరకి అంబర్ అనే గోధుమ రంగు మట్టి వాడతారు. దాంట్లోని మాంగనీసు నూనెని తొందరపెడుతుంది. మన గరివిడి, గర్భాం గనుల్లో తవ్వేది ఆ మాంగనీసు ఖనిజమే.

నాలుగో భాగానికి సమానంగా నీళ్ళు కలిపిన ఫెవికాల్. నిజమైన అక్రిలిక్ కాదిది, దూరపు చుట్టం. కానీ పద్ధతి ఒకటే: నీళ్ళలో తేలే ప్లాస్టిక్ రేణువులు నీరు పోగానే ఒకదానికొకటి అతుక్కుని పొర అవుతాయి. తడిలో జిగురు తెల్లగా ఉంటుంది, ఎండాక తేటబడుతుంది. అందుకే అక్రిలిక్ ఎండాక ఒక ఛాయ ముదురుతుంది, వాటర్ కలర్ మాత్రం ఎండాక పాలిపోతుంది. నీళ్ళతో వాడే అక్రిలిక్ 1950ల మధ్యలో వచ్చింది. నూనె మీద అక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వేయకండి. నేను వేశాను, మా పెదనాన్న గారి బొమ్మకి. ఆర్నెల్లకి బుగ్గ మీది రంగు ఉల్లిపొరలా లేచొచ్చింది.

ఇక ఈ వారం పని. నాలుగు మందపాటి అట్టముక్కలు తీసుకోండి. నూనెదానికి ముందు ఫెవికాల్ నీళ్ళు పూసి ఆరనివ్వండి, లేకపోతే గీత చుట్టూ జిడ్డు పాకుతుంది. నాలుగింటి మీదా ఒకే వెడల్పు పట్టీ వేసి, వెనక తేదీ రాయండి. గంటకోసారి వేలితో తాకి చూడండి. మర్నాడు ఒక్కొక్కదాని మూల తడి కుంచెతో పదిసార్లు రుద్దండి. తుమ్మ జిగురుది కుంచెకి వచ్చేస్తుంది. గుడ్డుది కొంచెం వదలొచ్చు, నెల తర్వాత రుద్దితే చాలా తక్కువ. ఫెవికాల్‌ది మెత్తబడొచ్చు గానీ రంగు పెద్దగా పోదు. నూనెదాని జోలికి వారం దాకా పోవద్దు.

ఒక ఐదో ముక్క కూడా చేయండి, వట్టి నీళ్ళు కలిపిన కావితో. సవర గిరిజనుల ఇళ్ళలో ఎర్రమన్ను అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే తెల్ల బొమ్మలు తెలుసు కదా. అక్కడ గట్టి జిగురు అక్కర్లేదు, బొమ్మ చెరిగితే మళ్ళీ వేస్తారు. మీ ముక్క మీద వేలు పెట్టి చూడండి, ఎర్రగా అంటుతుంది.

వచ్చే పాఠం తెలుపు గురించి. ఈలోగా కళింగపట్నం వైపు వెళ్ళేవాళ్ళు తీరంలో కాళ్ళకి అంటుకునే నల్ల ఇసుకని ఓసారి దగ్గరగా చూసి రండి. దాంట్లో ఇల్మనైట్ ఉంటుంది. మీ ట్యూబులో టైటానియం వైట్ అని రాసి ఉండే తెల్లటి తెలుపుని తీసేది ఆ ఖనిజంలోంచే.