యుద్ధ వార్తలొచ్చిన రోజు మైకు ముందు జాగ్రత్త

ఎక్కడో రెండు దేశాల మధ్య బాంబులు పడ్డాయంటే చాలు, గంట తిరక్కుండా చానళ్లవాళ్లు నాయకుల గుమ్మం ముందుంటారు. ఈ జాగ్రత్తలు నాయకులకే కాదు, వాళ్ల పేరుతో పోస్టులు పెట్టే కుర్రాళ్లకు కూడా.

ముందు ఆ దేశంలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లారు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌తో ఆయన ఆలింగనం ఫొటో దేశదేశాల్లో తిరిగి తిట్లు తెచ్చింది. ఆ కౌగిలి నాకూ మింగుడుపడదు. కానీ కువైట్‌లో చిక్కుకున్న సుమారు 1,70,000 మంది భారతీయుల్ని ఇంటికి చేర్చాల్సింది కూడా గుజ్రాల్ ఉన్న మన ప్రభుత్వమే. వాళ్లలో మన కడప, గోదావరి జిల్లాల కూలీలూ ఉన్నారు. జనం క్షేమంగా బయటపడేదాకా ఘాటు మాట వాయిదా వేస్తే పిరికితనం కాదు. దురాక్రమణను వెనకేసుకు రావడం మాత్రం వేరే సంగతి.

ఫలితం తేలకముందే తీర్పు చెప్పకండి. 1991 ఆగస్టు 19న మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను దించేశారనగానే, తొందరపడి మార్పులు తెచ్చేవాళ్లకు ఇదో హెచ్చరిక అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు అప్పటి ప్రధాని, మన పి.వి. నరసింహారావు. మూడు రోజుల్లో ఆ కుట్రే కూలిపోయింది. మౌనానికి పేరుపడ్డ ఆయనే నోరు జారితే, పూటకో ట్వీటు వేసేవాళ్ల సంగతి చెప్పాలా?

అన్నిటికంటే ప్రమాదం, పరాయి దేశపు ప్రజల్ని తిరగబడమనడం. 1991 ఫిబ్రవరి 15న అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్, సద్దాంను ఇరాక్ ప్రజలే దించాలని పిలుపిచ్చాడు. మార్చిలో దక్షిణాన షియా ముస్లింలు, ఉత్తరాన కుర్దు జాతివాళ్లు లేచారు. సద్దాం హెలికాప్టర్లు పంపి చంపించాడు. కువైట్‌ను విడిపించే యుద్ధానికి వచ్చి దక్షిణ ఇరాక్‌లోనే ఉన్న అమెరికా సైన్యం కదల్లేదు. వేలమంది పోయారు, లక్షలమంది కుర్దులు కొండలు పట్టుకుని టర్కీ, ఇరాన్ సరిహద్దులకు పరిగెత్తారు. పిలిచినవాడు మాత్రం వాషింగ్టన్‌లో క్షేమంగానే ఉన్నాడు. వెనక నిలబడే ఉద్దేశం లేనప్పుడు ఆ మాట ఎత్తనే వద్దు, చప్పట్లు ఎన్ని పడినా సరే.

రాష్ట్ర నాయకులకు ఒక్క మాట. విదేశాంగం కేంద్రం చూసుకునే పని. 2022లో ఉక్రెయిన్‌లో చదువుతున్న మన పిల్లల తల్లిదండ్రులకు కావాల్సింది పుతిన్ మీద మంత్రిగారి అభిప్రాయం కాదు, పిల్లలు ఏ సరిహద్దుకు చేరాలో చెప్పే ఫోన్ నంబరు. అది ఇవ్వండి. చిక్కుకున్నవాళ్లు ఏ భవనంలో తలదాచుకున్నారో మాత్రం మైకులో చెప్పకండి.

గొడవ సద్దుమణిగాక కూడా నాలుక అదుపులోనే ఉండాలి. 1962 అక్టోబరు 28న క్యూబా నుంచి తమ క్షిపణులు తీసేస్తామని సోవియట్ నేత క్రుశ్చేవ్ ప్రకటించగానే, గెలిచామని చంకలు గుద్దుకోవద్దని అమెరికా అధ్యక్షుడు కెనెడీ తనవాళ్లను కట్టడి చేశాడు. ఎదుటివాడికి పరువుతో వెనక్కి తగ్గే దారి ఉండాలి కదా. టర్కీలోని తమ క్షిపణుల్ని తీసేస్తామని తెరవెనక తానిచ్చిన మాటను మాత్రం జనానికి చెప్పలేదు, అది మెచ్చుకునే పని కాదు. విజయోత్సవ ఫ్లెక్సీలకు ఇప్పటికే ఆర్డరిచ్చి ఉంటే, ఫోన్ చేసి ఆపించండి.