బీటిల్స్ పాటలో బతుకమ్మ పాట కలపడం ఎలా?

బీటిల్స్ లాంటి 1960ల ఇంగ్లండ్ బ్యాండ్ పాడిన పాత రాక్ పాటకు మన జానపదం కలిపితే ఆ బ్యాండ్ అభిమానులు మండిపడతారని చాలామంది భయం. నేను చూసినంతవరకు వాళ్ళ కోపం కలిపినందుకు కాదు. కలవనిదాన్ని కలిసిందని వినిపించినందుకు. 2006లో బీటిల్స్ రికార్డింగులు చేయించిన నిర్మాత జార్జ్ మార్టిన్, ఆయన కొడుకు జైల్స్ కలిసి బీటిల్స్ పాటలనే ఒకదాంట్లో ఒకటి కలిపి ‘లవ్’ ఆల్బమ్ చేశారు. పాత రికార్డులను ముట్టుకోవడమే తప్పన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. అలాంటివాళ్ళు కూడా బీటిల్స్‌లో ఒకరైన హారిసన్ పాడిన ‘వితిన్ యూ వితౌట్ యూ’ కింద ‘టుమారో నెవర్ నోస్’ డ్రమ్స్ వచ్చేచోట మెత్తబడటం చూశాను. ఆ రెండూ తంబూరా నాదం మీద, ఒక్కోటీ మొదటి నుంచి చివరిదాకా తన షడ్జాన్నే (ఆధార స్వరం ‘స’నే) పట్టుకుని నడిచే పాటలు. వాటికి కలిసే గుణం ముందే ఉంది.

మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది వేరు. హనుమకొండలో బరాత్‌లకు, నిమజ్జనాలకు పెట్టే డీజే మిక్సులు విన్న పిల్లలు అదే పద్ధతి బీటిల్స్ గాయకుడు లెనన్ గొంతు మీద ప్రయోగిస్తున్నారు. గొంతు సన్నం చేయడం, వేగం పెంచడం, కింద ఒకటే బీటు దంచడం. దయచేసి అలా చేయకండి.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. కంప్యూటర్, ఆడాసిటీ (పాటలను రికార్డు చేసి కత్తిరించే ఉచిత సాఫ్ట్‌వేర్), ఒక మైకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు రెండు, ఫోన్లో తంబూరా యాప్ చాలు. గొంతు, వాద్యాలు విడదీయడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అసలు బీటిల్స్ 1965 నాటి స్టీరియో పాటలు చాలావాటిలో గొంతులు ఒక పక్క, వాద్యాలు ఇంకో పక్క ఉంటాయి. కాబట్టి ముందు ఒక పక్కను మ్యూట్ చేసి చూడండి, సగం పని అక్కడే అయిపోవచ్చు.

పాట ఎంపికలో నేను ‘నార్వేజియన్ వుడ్’తో మొదలుపెట్టమంటాను. సితార్ ఉందని కాదు. దాని నడక మూడుమూడుగా సాగుతుంది, స్వరాలు మన హరికాంభోజి రాగం స్వరాలే. మీ వాడలో పాడే బతుకమ్మ పాటల్లో చప్పట్లు మూడు నడకలో పడేదాన్ని వెతకండి. నాలుగు నడక పాటను సాగదీసి మూడులో ఇరికించొద్దు. మధ్యలో బీటిల్స్ పాట గాంధారం (‘గ’) తగ్గించుకుని ఖరహరప్రియ రాగం వైపు తిరుగుతుంది. అక్కడ మన పాట ఆపేసి డప్పు ఒక్కటే ఉంచాలి.

ఇక అసలు కష్టం శ్రుతి కలపడం. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

మొదటి నియమం: పాత రికార్డును కదిలించొద్దు. శ్రుతి మార్చొద్దు, వేగం మార్చొద్దు. లెనన్ 1980లో, హారిసన్ 2001లో పోయారు. వాళ్ళు మళ్ళీ పాడలేరు. బతుకమ్మ పాట పాడే మీ మేనత్త మళ్ళీ పాడగలదు. మారగలిగినవాళ్ళే మారాలి. రెండు ఫైళ్ళు తెచ్చి మౌస్‌తో లాగి కలిపే పద్ధతి నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. యాప్ రెండు అంకెల్ని కలుపుతుందే తప్ప ఇద్దరు మనుషులు ఒకరినొకరు వినేలా చేయలేదు.

రెండోది: ‘ఈ పాట ఫలానా కీలో (శ్రుతిలో) ఉంది’ అని యాప్ చెబితే నమ్మొద్దు. ఆ రోజుల్లో టేపు వేగాన్ని కావాలనే పెంచేవాళ్ళు, తగ్గించేవాళ్ళు. ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ వేర్వేరు శ్రుతుల్లో, వేర్వేరు వేగాల్లో తీసిన రెండు టేకుల అతుకు. టేపు వేగాలు మార్చి, నిమిషం దగ్గర వాటిని కలిపారు. అందుకే ఆ పాట ఆరో శ్రుతికీ (ఇంగ్లీషు లెక్కలో A) ఆరున్నరకీ (A షార్ప్) మధ్యలో ఎక్కడో ఉంటుంది. యాప్ మాత్రం ఆరు అనో ఆరున్నర అనో తేల్చేస్తుంది.

కాబట్టి చెవితోనే పట్టాలి. రికార్డులో స్వరం బాగా సాగిన చోటు ఒకటి చూసుకుని లూప్‌లో పెట్టండి. పక్కన తంబూరా మోగించండి. రెండూ దగ్గరగా ఉండి కలవకపోతే శబ్దం అలలు అలలుగా ఊగుతుంది. ఒకటి 440 హెర్ట్జ్, ఇంకోటి 442 అయితే సెకనుకు రెండు ఊపులు వినిపిస్తాయి. తంబూరా యాప్‌లో శ్రుతిని సెంట్లలో (శ్రుతి కొలిచే చిన్న కొలత) కొద్దికొద్దిగా జరపండి. అర శ్రుతికి 100 సెంట్లు. ఊపు నెమ్మదించి ఆగిపోయిన చోట చెయ్యి తీసేసి ఆ అంకె కాగితం మీద రాసుకోండి. తర్వాత పాటలో ఇంకో రెండు చోట్ల కూడా సరిచూడండి. తేడా వస్తే మీ అంకె తప్పు.

ఇప్పుడు పాడే ఆవిడ సంగతి. ‘నార్వేజియన్ వుడ్’ మూడో శ్రుతి దగ్గర ఉంటుంది. మన ఆడవాళ్ళకు అది మరీ కింద. ఆ శ్రుతిలో పాడిస్తే గొంతు అణిగిపోతుంది, లేదా తనకు తెలియకుండానే పైకి లాగేస్తుంది. మధ్యమ శ్రుతిలో పాడించండి. అంటే రికార్డు మధ్యమమే ఆవిడ షడ్జం, ఆరో శ్రుతి. రికార్డు హరికాంభోజి స్వరాలనే ఆ మధ్యమం (‘మ’) నుంచి మొదలుపెట్టి లెక్కిస్తే శంకరాభరణం రాగం స్వరాలవుతాయి. ఆవిడ పాట స్వరాలు శంకరాభరణంలో ఇమిడితే చాలు. ఇమడకపోతే పాట మార్చండి, ఆవిడను మార్చొద్దు.

పాడేముందు హెడ్‌ఫోన్లో తంబూరా ఒక్కటే కాసేపు విననివ్వండి. తర్వాత రికార్డు వినిపించండి. “అత్తా, ఇది ఇంగ్లీషు పాట, భయపడకు, నీ పాట నువ్వు పాడు” అంటే చాలు. ఒక చెవి తెరిచి ఉంచితే ఆవిడకు తన గొంతు తనకు వినిపిస్తుంది.

డప్పును మంట దగ్గర కాచాకే కొట్టించాలి. చల్లారేకొద్దీ తోలు సడలి నాదం దిగిపోతుంది, కాబట్టి ప్రతి టేకుకూ మళ్ళీ కాచండి. డప్పు కొట్టేవాళ్ళకు మెట్రోనోమ్ (టక్ టక్ మని ఒకే లయ వేసే పరికరం) ఇవ్వొద్దు. ఆ రికార్డులు మెట్రోనోమ్ పెట్టుకుని వాయించినవి కావు. లయ కొంచెం ముందుకీ వెనక్కీ కదులుతుంటుంది. రికార్డే వింటూ కొడితే మనవాళ్ళ చెయ్యి ఆ కదలికను దానంతటదే పట్టుకుంటుంది.

మిక్సింగ్ తేలిక. ఇద్దరూ ఒకేసారి మాటలు పాడకుండా చూసుకోండి. ‘ఉయ్యాలో’ను సగంలో కోయొద్దు, గౌరమ్మ పేరును లూప్‌లో తిప్పొద్దు. అభిమానులంటే రాక్ వినేవాళ్ళే కాదు, ఏటా హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడే అమ్మలు కూడా. వాళ్ళకు నచ్చకపోతే అది నాకు ఫెయిల్ కిందే లెక్క.

బయట పెట్టేముందు ఇద్దరికి వినిపించండి. ఒకరు వరంగల్ ఆర్ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) హాస్టల్ రోజుల నుంచి బీటిల్స్ క్యాసెట్లు దాచుకున్న పెద్దమనిషిలాంటివారు, ఇంకొకరు బతుకమ్మ పాటలు నోటికొచ్చినవారు. ముందుగా ఏమీ చెప్పొద్దు, ముఖం చూడండి. నొసలు ముడిపడిన సెకను రాసుకుని అక్కడికెళ్ళి వినండి. చాలాసార్లు శ్రుతే తప్పి ఉంటుంది. “అసలు ఎందుకు చేశావు” అంటే వాదించకండి. “ఇక్కడ బాలేదు” అంటే ఆ మాట బంగారం, వెంటనే సరిదిద్దండి.

డబ్బు కోసం అమ్మడం, సొంత పాటని చెప్పుకోవడం వద్దు. 2004లో డేంజర్ మౌస్ అనే ఆయన బీటిల్స్ ‘వైట్ ఆల్బమ్’ను జే-జీ ర్యాప్‌తో కలిపి ‘గ్రే ఆల్బమ్’ చేస్తే బీటిల్స్ రికార్డుల కంపెనీ ఈఎంఐ ఆపమని నోటీసు పంపింది. యూట్యూబ్‌లో పెడితే హక్కులున్న పాటలను గుర్తుపట్టే దాని కంటెంట్ ఐడీ పట్టేస్తుంది, అనుమతి లేకుండా పెట్టే హక్కు మనకు లేదు. ఇంట్లో, స్నేహితుల మధ్య వినిపించుకోండి. ఫైలు పేరులో మాత్రం బీటిల్స్ పక్కన పాడిన ఆవిడ పేరు, డప్పు కొట్టినతని పేరు, వాళ్ళ ఊరు తప్పకుండా రాయండి.